కుక్కలో కరెంటు పారుతుందా సార్?

మా హైస్కూలుకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆ గదికి గుడికున్నన్ని నియమాలుండేవి. చెప్పులు బయట విడవాలి. కాళ్ళు తుడుచుకోవాలి. మానిటర్లకు పూలగుడ్డతో కుట్టించిన ముసుగులు. దసరాకు సీపీయూలకు గంధం, కుంకుమ. మౌసుకు కూడా చిన్న బొట్టు. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని దర్శనం చేసుకుని వెళ్ళేవారు. ముట్టుకుంటే పాడవుతాయని చెప్పిందెవరో గానీ, ముట్టుకోకపోవడం వల్లే అవి పాడయ్యాయి. చివరికి మెకానిక్కు వచ్చి ఒక సీపీయూ మూత తీస్తే లోపల ఎలుక పిల్లాపాపలతో కాపురం ఉంది.

బడికి కంప్యూటరు రావడం నిన్నా మొన్నటి ముచ్చట కాదు. 1984-85లోనే కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం పెట్టి కొన్ని బడులకు బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు ఇప్పించింది. ఆ రకంలో మోడల్ ‘బి’కి ఉన్న మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ మా బావమరిది పొద్దున్నే వాట్సాప్‌లో పంపే ‘శుభోదయం’ గులాబీ అందులో పట్టదు.

తర్వాత ఫాంట్ల కాలం. యూనిట్ టెస్టు పేపరు జిరాక్సు షాపులో అను ఫాంట్లతో టైపు చేయించి, పెన్‌డ్రైవ్‌లో బడికి తెచ్చి తెరిస్తే, న్యూటన్ మూడో నియమం కాస్తా డాలరు గుర్తులు, చుక్కలు, బ్రాకెట్లు అయిపోయేది. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు ఆ తెలుగు తెలియదు. యూనికోడ్ పుణ్యమా అని ఆ బాధ తీరింది. షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో ఎక్కి వచ్చే వైరసు మాత్రం నిన్నటిదాకా ఉచితమే.

2017లో ‘దీక్ష’ అనే డిజిటల్ పాఠాల వేదిక వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు మొలిచాయి. కోడ్ స్కాన్ చేయాలంటే ఫోను కావాలి; పిల్లలు బడికి ఫోను తేకూడదు. కాబట్టి నా ఫోనే గతి. సిగ్నలేమో వాటర్ ట్యాంకు దగ్గర తప్ప దొరకదు. కాంతి పరావర్తనం పాఠం వీడియో చూడ్డానికి క్లాసంతా ఎండలో ట్యాంకు పక్కన గుమిగూడితే, ఆ పరావర్తనం వల్లే తెర మీద మా ముఖాలు తప్ప మరేమీ కనబడలేదు. పాఠం అర్థమైందన్నారు పిల్లలు.

ఇప్పుడు గోడకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ ఉంది. వేలితో రాయవచ్చు, తుడవవచ్చు, సుద్దపొడి దగ్గు లేదు. దాని మీద మాకు శిక్షణ కూడా ఇచ్చారు. శిక్షకుడు పవర్‌పాయింట్ స్లైడ్లు వరసగా చదువుకుంటూ పోయాడు. ‘పాఠంలో పిల్లలను భాగస్వాములను చేయాలి’ అన్న స్లైడ్ దగ్గర మా మాస్టారొకాయన ఏదో అడగబోతే, ‘ప్రశ్నలు చివర్లో సార్’ అన్నాడు. చివర్లో భోజనాలు.

ప్యానెల్ మీద వీడియో పాఠాలు నేను తక్కువ వేస్తాను. వీడియోలో మాస్టారు తడబడడు, దగ్గడు, ఎవరూ ఆయనకు అడ్డు రారు. అదే దాని జబ్బు. పావుగంటలో వెనక బెంచీ నిద్రపోతుంది, ఆ తర్వాత నేను.

నాకు పక్షపాతం ఉన్నది ఫెట్ సిమ్యులేషన్ల మీద, అంటే తెర మీద చేసే ప్రయోగాల మీద. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి. నోబెల్ వస్తే ఎవరైనా ఇల్లు కట్టుకుంటారు. ఆయన ఆ డబ్బులో కొంత వీటికి పెట్టాడు. ఈ సిమ్యులేషన్లలో విద్యుత్ వలయాలు కట్టే ఆట ఒకటి ఉంది. బ్యాటరీ రెండు కొసలూ ఉత్త తీగతో కలిపితే తెర మీద మంట లేస్తుంది. మా ల్యాబులో ఉన్న ఒక్కగానొక్క అమ్మీటరు అద్దాల బీరువా దాటి రాదు; ఇక్కడ ఎంత తగలబెట్టినా స్టాకు రిజిస్టరులో రాయక్కర్లేదు.

వలయంలో పెట్టి చూడ్డానికి నాణెం, పెన్సిలు, రబ్బరుతో పాటు ఒక కుక్క కూడా ఉంటుంది. ఎనిమిదో తరగతి వాళ్ళు నాణేన్ని చూడనైనా లేదు.

“కుక్కలో కరెంటు పారుతుందా సార్?”

“నొక్కే ముందు చేతులెత్తండి. పారుతుందనేవాళ్ళు ఎవరు?”

క్లాసు రెండుగా చీలింది. బొచ్చుంటుంది కాబట్టి పారదని ఒకడు. “మొన్న వానల్లో స్తంభం దగ్గర మా గేదె పోలేదంట్రా? దానికి బొచ్చు లేదా?” అని ఇంకొకడు. ముందు బెంచీ అమ్మాయి లేచి, “అది లైను కరెంటు, ఇది బ్యాటరీ. రెండూ ఒకటేనా?” అంది. వోల్టేజి పాఠం నేనింకా మొదలుపెట్టలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మామూలుగా అయితే హోయ్‌మని అరుస్తారు. ఆ రోజు ఒక్కడూ అరవలేదు, వాదన ఆపితే కదా! గంట కొట్టినా ఆపలేదు. మర్నాడు ఒకడు టార్చిలైటు బల్బు, రెండు సెల్లులు, తీగముక్క తెచ్చాడు. కుక్కను తేలేదు, అదృష్టం.

తోటి మాస్టార్లకు ఒక మాట. ఫెట్‌కు పైసా ఖర్చు లేదు. ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసుకుంటే బడిలో నెట్ లేకపోయినా నడుస్తుంది, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. రేపే ఆ కుక్కను వలయంలో పెట్టి చూడండి, మీట నొక్కే ముందు మాత్రం పిల్లలను చేతులెత్తమనండి. ఇన్వర్టరు సంగతి మీరే చూసుకోవాలి.