‘నో సచ్ ఫైల్’కు అభావదీపిక

మూలం: ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్: [ఎర్‌నో 2] నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ: 'మార్కులు.సీఎస్‌వీ'

అవతారిక. ఫోన్‌లో పైథాన్ నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే ఎదురయ్యే ఏకవాక్య కావ్యమిది. పైడ్రాయిడ్ 3 వంటి యాప్‌లో నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి, వాట్సాప్‌లో వచ్చిన మార్కుల పట్టికను తెరవమని అడిగి, రన్ నొక్కగానే ఇది ప్రత్యక్షమవుతుంది. దీనికి పూర్వవ్యాఖ్యాతలు లేకపోలేదు. వీడియో పాఠాల్లో, కోచింగ్ గదుల్లో పెద్దలంతా ఎప్పటినుంచో వ్యాఖ్యానిస్తూనే ఉన్నారు, అందరి వ్యాఖ్యా ఒకటే: "పాత్ చెక్ చేసుకోండి." మూడు మాటలు చెప్పి, మంత్రోపదేశం ముగిసినట్టు తరువాతి పాఠానికి వెళ్లిపోతారు. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాశాడు. ఈ వ్యాఖ్యాతలు ఇంకో మెట్టెక్కి, అక్కరకొచ్చేది కూడా చెప్పబోమని ప్రతిజ్ఞ పట్టినట్టున్నారు. ప్రస్తుత టీకాకారుడు మల్లినాథుడి మొదటి ప్రతిజ్ఞకు బద్ధుడు. రెండోదాని సంగతి చదువరులే చూస్తారు.

ప్రతిపదార్థం. ఫైల్ = స్పష్టము. డైరెక్టరీ = స్పష్టము; స్పష్టం కానివారు ఫోల్డర్ అని చదువుకోవాలి. ఎర్‌నో = యూనిక్స్ కాలం నుంచి వస్తున్న తప్పుల వరుస సంఖ్య. 1 అంటే ‘చేయనివ్వను’, 13 అంటే ‘అనుమతి లేదు’. ఈ రెండు నిరాకరణల మధ్య సూక్ష్మభేదం ఈ టీకకు అప్రస్తుతం. ఆర్ = వికల్పార్థకం; పోయింది కుండా, కుండ పెట్టిన గదా అన్నది తేల్చకుండా వదిలేయడం దీని ప్రయోజనం. సచ్ = అటువంటి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మనం అడిగింది పేరు పెట్టి ఒక ఫైలును; జవాబు మాత్రం ‘అటువంటి ఫైలు లేదు’ అని వచ్చింది. గుమ్మంలో నిలబడ్డవాణ్ని పంపించేయడానికి "అటువంటివాళ్లెవరూ ఈ ఇంట్లో లేరండీ" అంటామే, ఆ ధోరణి. అయితే మనం కనీసం ‘ఈ ఇంట్లో’ అంటాం. మూలంలో ఆ పదం లేదు. ఈ టీక అంతా ఆ లేని పదం గురించే.

లేదు అనే మాటను మనవాళ్లు తేలిగ్గా వదల్లేదు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాన్ని ఏడు పదార్థాల్లో ఒకటిగా కూర్చోబెట్టి, దాన్ని మళ్లీ నాలుగుగా విడదీశాడు. తార్కికుల లెక్కలో ఏ లేమికైనా రెండు కొసలుంటాయి. ఏది లేదో అది ప్రతియోగి. ఎక్కడ లేదో అది అనుయోగి. ‘నేల మీద కుండ లేదు’ అంటే కుండ ప్రతియోగి, నేల అనుయోగి. ఉత్తినే ‘కుండ లేదు’ అని ఊరుకుంటే తర్కశాలలో తలుపు దగ్గరే ఆపేస్తారు: ఎక్కడ లేదయ్యా? కుమ్మరి వాములో లేదా, వంటింట్లో లేదా, లోకంలోనే లేదా? ఇప్పుడు మూలం చూడండి. ప్రతియోగిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి మరీ చెప్పింది: 'మార్కులు.సీఎస్‌వీ'. అనుయోగి ఊసే లేదు. ఫలానా ఫోల్డర్‌లో వెతికాను, అక్కడ కనబడలేదు అన్నంత చిన్న సత్యాన్ని, లోకంలోనే లేదన్నంత పెద్ద ప్రకటనగా మార్చి విసిరింది. అన్నంభట్టు తన క్లుప్తమైన గ్రంథానికి తానే దీపిక అని వ్యాఖ్య రాసుకున్నాడు. ఈ మూలకర్తలకు ఆ దయ కలగలేదు.

ఇంకో చిక్కుంది. కనబడకపోవడాన్ని బట్టి లేదని తేల్చడం భాట్ట మీమాంసకులకూ అద్వైతులకూ ప్రత్యేక ప్రమాణమే, అనుపలబ్ధి అంటారు. కానీ దానికి ఒక షరతు పెట్టారు. వస్తువు ఉండి ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడలేదు కాబట్టి లేదనడం చెల్లదు. ఆండ్రాయిడ్ 10 (2019) నుంచి ఫోన్ గదిలో దీపం తగ్గిస్తూ వచ్చారు; ఆండ్రాయిడ్ 11 (2020) వచ్చేసరికి ఒక యాప్ దాచుకున్నది ఇంకో యాప్‌కు కనబడకుండా తెరలు బిగించారు. సెట్టింగ్స్ లోతుల్లో ‘ఆల్ ఫైల్స్ యాక్సెస్’ అనే మీట వేస్తే తప్ప, డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పమని పైథాన్‌ను అడిగినా తనకు కనబడేవి మాత్రమే చూపిస్తుంది. ఫైల్ మేనేజర్‌లో అదే ఫోల్డర్‌లో అదే పట్టిక ఎదురుగా ఉంటుంది, వేలితో తడితే తెరుచుకుంటుంది. ఒకే గదిలో ఇద్దరికి రెండు లోకాలు. పాత్ చెక్ చేసుకోండి అనే మహానుభావులు ఏ లోకంలోని పాత్ చెప్పాలో కూడా సెలవిస్తే బాగుండేది.

పాత్ అన్నాం కాబట్టి, చోటు చెప్పడంలో మన దగ్గరున్న ఉత్తమ గ్రంథాన్ని ఇక్కడ స్మరించక తప్పదు. అది సంకల్పం. పీట మీద కూర్చున్నవాడి చేత పురోహితుడు ఏం చెప్పిస్తాడు? జంబూద్వీపంలో, అందులో భరతవర్షంలో, అందులో భరతఖండంలో, మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, ఫలానా ఫలానా నదుల మధ్య దేశంలో, సొంత ఇంట్లోనో అద్దె ఇంట్లోనో. మొదలంటా వేరు నుంచి కొమ్మ దాకా ఒక్క గీత తప్పిపోకుండా నడిపించే దారి ఇది. కంప్యూటర్‌వాళ్లు గీత గీసి మొదలుపెట్టే పూర్తి పాత్‌కు ఇంతకన్నా నిర్దుష్టమైన ఉదాహరణ లేదు. అక్కడితో ఆగిందా? కల్పం, మన్వంతరం, యుగం, పాదం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం: ఫైలు ఎప్పుడు మారిందో చెప్పే ముద్ర. గోత్రం, పేరు: ఫైలు ఎవరిదో చెప్పే ముద్ర. కొబ్బరికాయ కొట్టడానికి ముందు ఇంత చిరునామా. ఇందులో మేరువు, శ్రీశైలాల దగ్గర ఆగి ఆలోచించాల్సిన గమ్మత్తు ఒకటుంది. అప్పటిదాకా మొదటి నుంచి లెక్కపెట్టుకొచ్చిన సంకల్పం, అక్కడ హఠాత్తుగా ఒక తెలిసిన చోటును పట్టుకుని ‘దానికి ఈ దిక్కున’ అంటుంది. అంటే కొలిచే పద్ధతి మార్చింది. కానీ ఎక్కడినుంచి కొలుస్తోందో పేరు పెట్టి చెప్పింది. ‘ఈశాన్యాన’ అని ఊరుకోలేదు. దేనికి ఈశాన్యమో చెప్పని ఈశాన్యం ఎవరికి పనికొస్తుంది? మూలంలోని 'మార్కులు.సీఎస్‌వీ' సరిగ్గా అలాంటి ఈశాన్యమే. ఆఖరికి ప్రబంధకవులు కూడా ఆశ్వాసం ముగిసినప్పుడల్లా తమ తండ్రి పేరు, తమ పేరు, కావ్యం పేరు, ఎన్నో ఆశ్వాసమో గద్యలో మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. తాటాకు కట్ట తాడు తెగి ఆకులు చెదిరితే, దొరికిన ఆకు ఏ ఇంటిదో ఆ గద్యే చెప్పేది. దాన్ని డాంబికమని ఎగతాళి చేసినవాళ్లున్నారు. పేరులేని ఆకుల గుట్ట ముందు కూర్చుని కావ్యం కూర్చమంటే తెలుస్తుంది డాంబికమో కాదో.

సంకల్పానికి ఇంకో సుగుణం: అది ప్రయాణం చేస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లల్లో పురోహితులు జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం చేర్చి చెప్పించడం వినే ఉంటారు. చోటు మారింది, దారి మార్చారు. తక్కిన మంత్రం అలాగే ఉంది. ప్రోగ్రాములకు ఈ పాటి లోకజ్ఞానం అబ్బలేదు. విండోస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న గురువుగారు ‘సీ:’ అని మొదలయ్యే దారిని పలక మీద రాస్తే, శిష్యుడు ఫోన్‌లో అక్షరం పొల్లుపోకుండా దాన్నే టైప్ చేస్తాడు. న్యూజెర్సీలో కూర్చుని శ్రీశైలానికి ఈశాన్యం అన్నట్టు. ఫోన్‌లో సీ డ్రైవ్ ఉండదు, ఉండేది ‘/స్టోరేజ్/ఎమ్యులేటెడ్/0’. దానికే ఇంకో పేరు ‘/ఎస్‌డీకార్డ్’, కార్డు పెట్టే చీలికే లేని ఫోన్‌లో కూడా. తెర మీద పేరు ‘ఇంటర్నల్ స్టోరేజ్’. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే అర్థం చేసుకోవచ్చు. ఇది ఒక దిబ్బకు మూడు గొప్ప పేర్లు. చివరి సున్న ఫోన్ అసలు యజమాని సంఖ్య. రెండో యూజర్‌ను చేరిస్తే సాధారణంగా 10 వస్తుంది. ఇవన్నీ దాటి లోపలికి వెళ్తే తెర మీద ‘డౌన్‌లోడ్స్’ అని కనబడే ఫోల్డర్ అసలు పేరు ‘డౌన్‌లోడ్’. బహువచనం వేసినవాడికి మళ్లీ ఎర్‌నో 2.

ప్రస్తుతానికి వద్దాం. ఇక్కడ పూర్వపక్షులు మూడు అభ్యంతరాలు లేవనెత్తుతారు. మొదటిది: పైథాన్ నిరపరాధి, లోపలి కెర్నెల్ 2 అనే అంకె ఒక్కటే ఇస్తుంది, పైథాన్ చేయగలిగిందేముంది? నిజమే, అంకె కెర్నెల్‌దే. కానీ వాక్యం చివర 'మార్కులు.సీఎస్‌వీ' అని తగిలించింది పైథానే కదా. అంతకుముందు ఐఓఎర్రర్ అనే సామాన్యనామంతో సరిపెట్టుకున్న వాళ్లు, 2012లో వచ్చిన 3.3లో ఈ లేమికంటూ ప్రత్యేకంగా ఒక జాతిపేరు కూడా పెట్టారు. నామకరణానికి తీరిక దొరికింది, అధికరణానికి, అంటే చోటు చెప్పడానికి, దొరకలేదు. రెండో అభ్యంతరం: ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లో నిలబడి నడుస్తోందో రాసేవాడికి తెలిసి ఉండాలి. ఏ ఆధారంతో తెలియాలి? కంప్యూటర్ టెర్మినల్‌లో కర్సర్ పక్కనే ఉన్న చోటు రాసి ఉంటుంది. ఫోన్ యాప్‌లో ఆ వరుస కళ్లెదుట ఉండదు; ఓఎస్.గెట్‌సీడబ్ల్యూడీ() అని విడిగా అడిగి ప్రింట్ చేయించుకోవాలి, అడగాలని తెలిస్తే. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఇది తమాషా. ఫోన్ ఒక్కటే కంప్యూటర్ అయిన ఇంటర్ పిల్లకూ డిగ్రీ పిల్లాడికీ ఇది ప్రోగ్రామింగ్ తనకు రాదని తేల్చుకునే తొలి సాయంత్రం. వాళ్ల ప్రోగ్రాంలో తప్పేమీ ఉండదు.

మూడో అభ్యంతరం బలమైనది: ఆ తెరలు భద్రత కోసం, ఏదో ఒక టార్చిలైట్ యాప్ వచ్చి మన ఫోటోలూ పత్రాలూ తవ్వకుండా ఉండాలంటే గదులు వేరు చేయాల్సిందే. ఒప్పుకున్నాం. తలుపు తీయమని ఈ టీక అడగడం లేదు. ఇక్కడ తలుపుంది, అది మూసి ఉంది అని చెప్పమంటోంది. మూసిన తలుపును గోడలా సున్నం కొట్టడం భద్రత కాదు. పైగా గోల అంతా చదివేటప్పుడే. రాసేటప్పుడు చూడండి: 'డబ్ల్యూ' అని ఫైల్ తెరిస్తే, ఆ క్షణానికి తాను ఎక్కడ నిలబడి ఉందో అక్కడే కిమ్మనకుండా కొత్త ఫైలు పుట్టించేస్తుంది. ఏ ఎర్రరూ రాదు. ఫలితాలన్నీ భద్రంగా రాసింది, ఎక్కడో. అది ‘/డేటా/యూజర్/0’ కింద యాప్ సొంత గదిలో ఉంటే మామూలు ఫైల్ మేనేజర్‌కు అసలు కనబడనే కనబడదు. ఇందుకు చికిత్స లేకపోలేదు, 2014లో 3.4తో వచ్చిన పాత్‌లిబ్‌తో, పాత్(__ఫైల్__).పేరెంట్ అని ప్రోగ్రాం తన సొంత ఫోల్డర్‌నే శ్రీశైలం చేసుకోవచ్చు. మూడు మాటల వ్యాఖ్యాతలు ఆ నాలుగో మాట చెప్పి ఉంటే ఇంత టీక అవసరపడేది కాదు.

ఇక నాలుగు అభావాలను మూలానికి అన్వయించి ముగిద్దాం. ఇంకా సేవ్ చేయని ఫైలును తెరవబోతే ప్రాగభావం. సేవ్ నొక్కితే తీరిపోతుంది. ఎన్నడూ లేని చోట ఫైలును వెతికితే అత్యంతాభావం. ఇది అది కాదు అనే అన్యోన్యాభావమూ చాలామందిని ఏడిపిస్తుంది. రెండోసారి దింపుకున్న పట్టిక పేరు 'మార్కులు (1).సీఎస్‌వీ' అయి కూర్చుంటుంది. తెలుగులో పేరు పెట్టుకున్నవాళ్ల పాట్లు మరీ విచిత్రం: ‘లిస్ట్’ అని టైప్ చేసేటప్పుడు పొల్లు ‘ట్’ తర్వాత కీబోర్డు ఒక్కోసారి కంటికి కనబడని సున్నా వెడల్పు అక్షరాన్ని చొప్పిస్తుంది, తరువాతి హల్లు వచ్చి ఒత్తుగా అతుక్కోకుండా. అది ఉన్న ‘లిస్ట్’, లేని ‘లిస్ట్’ కంటికి ఒకటే, పైథాన్‌కు కుండా బట్టా. ఏ పండితుడు ఎంతసేపు పాత్ చెక్ చేసుకున్నా తేడా కనబడదు.

మిగిలింది ప్రధ్వంసాభావం. ఫోన్‌లో చోటు చాలక, తరువాత మళ్లీ వేసుకోవచ్చులే అని యాప్ తీసేస్తారు. యాప్‌తోపాటే దాని సొంత గదీ, ఆ గదిలో సేవ్ చేసిన నెలరోజుల ప్రోగ్రాములూ, ఫలితాలూ పోతాయి. మళ్లీ యాప్ వేసుకుని, గుర్తున్నంతవరకు ఆ నాలుగు వరుసలూ తిరిగి టైప్ చేసి రన్ నొక్కితే అదే మూలం వస్తుంది, అదే 2, అవే కొటేషన్ గుర్తులు. ఈసారి అది చెప్పేది నిజం. ఇన్నాళ్లూ ఉన్న ఫైలును లేదన్నప్పటికీ ఇప్పటికీ అందులో ఒక్క అక్షరం తేడా లేదు.