పేస్టు ట్యూబు వీపు: టీకా తాత్పర్య సహితము

అవతారిక: ఇబ్రహీంపట్నమున సాగర్ రోడ్డు మీది కిరాణంలో ఒక జిజ్ఞాసువు "అన్నా, పండ్లు తోముకుంటే చిగుర్లకెల్లి నెత్తురొస్తుంది, ఏ పేస్టు మంచిదే?" అని ప్రశ్నింపగా, కొట్టాయన తల యెత్తక "లవంగాలది తీస్కపో" అని ఉపదేశించెను. ఆ ఉపదేశమును పరీక్షింపగోరి, వేరొక ట్యూబు వీపున గల గద్యమును వ్యాఖ్యానించుచున్నాము.

మూలము: సార్బిటాల్, నీరు, సిలికా, సోడియం లారిల్ సల్ఫేట్, సువాసన, జింక్ సిట్రేట్, స్టానస్ ఫ్లోరైడ్, సోడియం శాకరిన్.

అన్వయము: ఒక శాతము మించినవానిని బరువు తగ్గు క్రమమున వ్రాయవలెనని మన దేశపు నియమము. కావున కొద్దిగా పడు మందులనెడి కర్త, క్రియ చివరనుండును, ముందున్నవి విశేషణములు.

టీక: సార్బిటాల్ = ఎండనీయక తీపినిచ్చునది. సిలికా = రుద్దునది. లారిల్ సల్ఫేట్ = నురగ. (నురగే శుభ్రమనునది ఇబ్రహీంపట్నముననే కాదు, లోకమంతట గల భ్రాంతి.) జింక్ సిట్రేట్ = పాచిలోని సూక్ష్మజీవుల జోరు తగ్గించునది. స్టానస్ ఫ్లోరైడ్ = తగరపు ఫ్లోరైడ్; ఇత్తడి గిన్నెలకు కళాయి పూయు తగరమే. సోడియం ఫ్లోరైడ్ పుచ్చును ఆపునే కాని చిగుర్ల జోలికి పోదు. తగరపుది రెంటినీ చూచుకొనును. కూలిగా పండ్లపై కొంత మరక పెట్టవచ్చును.

పాఠాంతరము: కొన్ని పాత ప్రతులలో "ట్రైక్లోసాన్" అను సూక్ష్మజీవినాశకము కలదు. కోపాలిమర్ తోడుగా అది పాచిని, చిగుర్ల వాపును చెరి 22 శాతము, రక్తస్రావమును 48 శాతము తగ్గించెనని 2013 నాటి కోక్రేన్ సమీక్ష. అయినను 2019లో అమెరికాలోని కోల్గేట్ టోటల్ ఆ పాఠమును విడిచి తగరపు పాఠమును పట్టినది.

మతభేదములు: లవంగములోని యూజెనాల్ నొప్పిని మొద్దుబార్చును, నొప్పి లేదని పాచి లేచిపోదు. వేపపుల్ల విషయమున, రసముకన్న నమిలిన కుచ్చుతో రుద్దుటకే ఫలమెక్కువని ఈ వ్యాఖ్యాత పక్షము. ఇటుకపొడి పండ్లనే అరగదీయును గాన చర్చకు రాదు.

తాత్పర్యము: పాచిని కదిలించునది బ్రష్షు, పేస్టు దాని వెంట నడచు బంటు. గారగా గట్టిపడినచో ఏ పేస్టుకును లొంగదు, దంతవైద్యుడు గీకవలసినదే.

విశేషము: ఇబ్రహీంపట్నము దాటిన నల్లగొండ సీమ. త్రాగునీట లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడుతో అక్కడ తరముల యెముకలు వంగినవి. పేస్టునందు కిలోకు 1000 మిల్లీగ్రాముల వరకు చట్టము ఒప్పును! అది మ్రింగిన నీరు, ఇది ఉమ్మిన నురగ. తీపికి మరిగిన పిల్లవాండ్ర చేతికి ట్యూబు ఇయ్యరాదు. బఠానీ గింజంత చాలును.

గడువు తేదీ: ఫ్లోరైడు పేస్టుపై ఇది తప్పక ఉండవలెను. మా ప్రతిని పొదుపుకొరకు ఇంటివారు అడుగు నుండి చుట్టి పిండియుండుటచే, ఇచ్చట గ్రంథపాతము.