యాంటీవైరస్ గారికి అనుమానం వచ్చింది

స్టీమ్‌లో సేల్ పెట్టారు. పాత గేమ్ ఒకటి చవగ్గా వస్తోందని ఓ కుర్రాడు కొన్నాడు. ఆడబోతే తెర నల్లగా ఉండిపోయింది. కంపెనీకి రాస్తే ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అని జవాబొచ్చింది గానీ మరమ్మతు రాలేదు. ఎవరో పుణ్యాత్ముడు ఊరికే చేసిపెట్టిన ఫిక్స్ ఉందని తెలిసి దింపుకున్నాడు. జిప్ విప్పాడు. నాలుగు ఫైళ్లుండాల్సిన చోట మూడే ఉన్నాయి. తెర కింది మూల నుంచి యాంటీవైరస్ గారు తొంగిచూసి, ముప్పు పట్టుబడింది, చర్య తీసుకున్నాం అని సెలవిచ్చారు. నాలుగో ఫైలు క్వారంటైన్‌లో ఉంది. నేరం: ట్రోజన్. సాక్ష్యం: పోలికలు.

మిగిలిన మూడింట్లో ఒకటి రీడ్‌మీ. తెరిస్తే మొదటి మాటే ఇది: యాంటీవైరస్ దీన్ని వైరస్ అంటుంది, పట్టించుకోకండి, దాన్ని ఆపేసి మళ్లీ కాపీ చేయండి. ఇంతకన్నా అనుమానం పుట్టించే వాక్యం సైబర్ దొంగ కూడా రాయలేడు. చిక్కేమిటంటే, వాడూ సరిగ్గా ఇదే రాస్తాడు.

ఇలాంటి ఫిక్సుల్లో పేరుమోసింది డీఎస్‌ఫిక్స్. అభిమానులు ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించి మరీ అడిగితే 2012 ఆగస్టులో ‘డార్క్ సోల్స్’ పీసీకి వచ్చింది. వచ్చిన తీరు చూసి వాళ్లే తల పట్టుకున్నారు. మానిటర్ ఎంత పెద్దదైనా, గ్రాఫిక్స్ కార్డుకు ఎంత పోసినా, గేమ్ లోపల బొమ్మ గీసేది 1024×720 లోనే. దాన్నే సాగదీసి తెరంతా పరిచేది. డ్యురాంటే అనే మారుపేరున్న ప్రోగ్రామర్ గేమ్ విడుదలైన రోజే ఆ సంకెల తెంచేశాడు. తర్వాత కొన్నేళ్లకు జపాన్ గేముల పీసీ వెర్షన్లు చక్కదిద్దే పనిని కంపెనీలే పిలిచి ఆయనకు అప్పగించాయి. అది వేరే కథ.

సంకెల తెంచిన పద్ధతి మాత్రం యాంటీవైరస్ గారికి నిద్ర పట్టనిచ్చేది కాదు. ఫిక్స్‌లో అసలు ఫైలు పేరు డీఇన్‌పుట్8.డీఎల్ఎల్. విండోస్‌లో అదే పేరుతో మరొకటుంది. కీబోర్డు, మౌస్, జాయ్‌స్టిక్ మీద మన వేళ్లు చేసే పనిని గేముకు చేరవేయడం దాని ఉద్యోగం. గేమ్ దాన్ని పిలిస్తే విండోస్ ముందు గేమ్ ఫోల్డర్‌లో వెతుకుతుంది, అక్కడ లేకపోతేనే సిస్టమ్ ఫోల్డర్‌కి వెళుతుంది. కాబట్టి ఫిక్స్ ఆ పేరే పెట్టుకుని గేమ్ ఫోల్డర్‌లో కాచుక్కూర్చుంటుంది. పిలుపు రాగానే మెమరీలోకి దూరి, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఆదేశాలను దారిలో ఆపి, 720ని 1080 చేసి పంపిస్తుంది. కీబోర్డు పనిని మాత్రం అసలు డీఎల్ఎల్‌కే వదిలేస్తుంది. మారుపేరు, దారికాయడం, మెమరీలో చొరబాటు. ట్రోజన్లు చేసేవీ ఇవే. తేడా అంతా ఉద్దేశంలో ఉంది, ఉద్దేశం ఏ బైటులోనూ కనబడదు.

ఇంతకన్నా చిల్లర నేరాలూ ఉన్నాయి. పాత 32 బిట్ గేములు మామూలుగా 2 జీబీకి మించి మెమరీ ముట్టుకోలేవు. ‘4 జీబీ ప్యాచ్’ అనే బుల్లి ప్రోగ్రాం గేమ్ ఫైలు మొదట్లో ఉండే వివరాల్లో ఒకే ఒక్క బిట్టు మారుస్తుంది. 64 బిట్ విండోస్‌లో గేముకు 4 జీబీ అందుతుంది, మాటిమాటికీ కుప్పకూలడం తగ్గుతుంది. ఆ ఒక్క బిట్టుతోనే ఫైలుకున్న డిజిటల్ సంతకం మాత్రం చెల్లకుండా పోతుంది.

సంతకం అంటే గుర్తొచ్చింది. యాంటీవైరస్ గారు గట్టిగా అడిగేవి రెండే: సంతకం, పలుకుబడి. సంతకం కావాలంటే ఏటా వందల డాలర్లు పోసి సర్టిఫికెట్ కొనాలి. రాత్రిళ్లు మేలుకుని ఉచితంగా ఫిక్స్ రాసేవాడికి అంత స్తోమత ఎక్కడిది? పలుకుబడి అంటే ఆ ఫైలును ఇప్పటికే చాలామంది దింపుకుని ఉండాలి. సంతకం లేని ఫైల్లో ఒక అక్షరం మారినా అది విండోస్ స్మార్ట్‌స్క్రీన్‌కు కొత్త మొహమే. అంటే నిన్న రాత్రి లోపం సరిచేసిన వెర్షన్‌ను అడ్డగిస్తారు, లోపమున్న పాత వెర్షన్‌కు దారిస్తారు. పైగా మైక్రోసాఫ్ట్ డిఫెండర్ తరచూ తగిలించే బిరుదు ఒకటుంది: ‘వకటాక్.బి!ఎంఎల్’. చివరి రెండక్షరాలు మెషీన్ లెర్నింగ్‌వి. ఫలానా వైరస్ అని తేలలేదు, మోడల్‌కి అలా అనిపించింది, అంతే.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవాళ్ల చరిత్ర కూడా కొంచెం చూద్దాం. 2005లో సోనీ బీఎంజీ తన పాటల సీడీలను జనం కాపీ కొట్టకుండా, కొన్నవాళ్ల కంప్యూటర్లలోనే రూట్‌కిట్ అనే కంటికి కనబడని ప్రోగ్రాంను దాచిపెట్టింది. ఆ సీడీలు నెలల తరబడి అమ్ముడయ్యాయి. సంగతి జనానికి చెప్పింది ఏ యాంటీవైరసూ కాదు, తన కంప్యూటర్‌ను తానే తవ్వి చూసుకున్న మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు. 2008లో యూబీసాఫ్ట్ ‘రెయిన్‌బో సిక్స్ వేగస్ 2’ గేముకు అధికారికంగా ఇచ్చిన ప్యాచ్‌ను ఆటగాళ్లు విప్పి చూస్తే అందులో రీలోడెడ్ అనే పైరసీ ముఠా పేరుంది. దొంగలు చేసిన క్రాక్‌నే కంపెనీ తన పేరుతో పంచిందన్నమాట. ఇక 2022లో ‘జెన్‌షిన్ ఇంపాక్ట్’ గేములో మోసగాళ్లను పట్టే డ్రైవర్ ఒకటి రాన్సమ్‌వేర్ ముఠా చేతికి చిక్కింది. ఆ గేమే లేని కంప్యూటర్లలోకి డ్రైవర్‌ను వెంట తెచ్చుకుని, దానితోనే యాంటీవైరస్‌ను చంపించారని ట్రెండ్ మైక్రో వెల్లడించింది. ఆ డ్రైవర్‌కు సంతకం దివ్యంగా ఉంది.

డబ్బు పోసి అసలు డిస్కు కొన్నవాళ్ల గతి మరీ అన్యాయం. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ప్రమాదకరమని మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుంచి దాన్ని తప్పించింది. భద్రత దృష్ట్యా సరైన నిర్ణయమే. కానీ ఆ రక్షణతో వచ్చిన నికార్సైన డిస్కులు ఆనాటి నుంచి ఆడవు. ఆడాలంటే డిస్కు అడగని ఫైలు ఎక్కడో వెతుక్కోవాలి. తెచ్చుకోగానే యాంటీవైరస్ గారు దానికి ‘హ్యాక్‌టూల్’ అని ముద్ర వేసి, కొన్నవాణ్ని దొంగను చూసినట్టు చూస్తారు.

అలాగని వారు సొంతవాళ్లను వదిలేస్తారనుకుంటే పొరపాటు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ గుండెకాయలాంటి ఎస్‌విసిహోస్ట్‌నే వైరస్ అని పట్టుకుంది. కంప్యూటర్లు ఆగి, తిరిగి లేచి, మళ్లీ ఆగాయి. అమెరికాలో ఆస్పత్రులు, ఆస్ట్రేలియాలో సూపర్‌మార్కెట్లు అవస్థపడ్డాయి. దెబ్బతిన్నవాళ్లలో ఇంటెల్ కూడా ఉంది. అదే ఇంటెల్ నాలుగు నెలలు తిరక్కుండా మెకాఫీని 768 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది! 2012 సెప్టెంబరులో సోఫోస్ మరో మెట్టు ఎక్కింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తన అప్‌డేట్ ప్రోగ్రాంనే తాను పట్టుకుంది. తప్పు దిద్దే అప్‌డేట్ రావాల్సింది ఆ ప్రోగ్రాం చేతుల మీదుగానే.

ఇదంతా చదివి యాంటీవైరస్‌ను పీకి పారేద్దామనుకునేవాళ్లు కాసేపు ఆగాలి. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ గేముకు అభిమానులు చేసిపెట్టే మోడ్లలోకి ‘ఫ్రాక్చరైజర్’ అనే వైరస్ దూరింది. పేరున్న సైట్లలో, నమ్మకమైన రచయితల ఖాతాల నుంచే. అదే ఏడాది క్రిస్మస్ రోజున ‘స్లే ద స్పైర్’ గేముకున్న ‘డౌన్‌ఫాల్’ మోడ్‌ను స్టీమ్‌లోనే హ్యాకర్లు చేజిక్కించుకుని పాస్‌వర్డులు దోచే ప్రోగ్రాం పంచారు. ఏళ్ల తరబడి తప్పుడు కేకలు విని విసిగిన ఆటగాడు, నిజమైన కేకకు కూడా ‘మామూలేలే’ అని అనుమతి బటన్ నొక్కేస్తాడు. యాంటీవైరస్ కంపెనీల అసలైన నేరం ఇదే, దానికి క్వారంటైన్ లేదు.

కాబట్టి ఫిక్స్ కావాల్సినవాళ్లు రచయిత సొంత పేజీ నుంచే దింపుకోండి. ఆయన ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ ఇచ్చి ఉంటే సరిచూసుకోండి. కాపలా మొత్తాన్ని ఆపకుండా ఆ ఒక్క ఫైలుకే మినహాయింపు ఇవ్వండి. మైక్రోసాఫ్ట్‌తో సహా చాలా కంపెనీలు పొరపాటున పట్టుకున్న ఫైళ్లు పంపడానికి ఫారం పెట్టాయి, ఓపిక చేసుకుని పంపండి. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి, యాంటీవైరస్ ఆపాకే విప్పమని ఎవరైనా చెబితే మాత్రం విప్పకుండానే తుడిచేయండి.