పొత్తుశాస్త్రం: ఆశ పాళ్లు, అనుమానం పాళ్లు

రెండు రాజకీయ పక్షాలు సీట్లు పంచుకొని, ఒకరికి దక్కిన చోట మరొకరు అభ్యర్థిని నిలపకుండా ఎన్నికలకు వెళ్లే ఏర్పాటును పొత్తు అంటారనీ, ఆ పక్షాలు అంతకుముందు ఒకరినొకరు ఎంత ఘాటుగా తిట్టుకొని ఉంటే పొత్తు కుదిరిన నాడు దానికి అంత గొప్ప చారిత్రక అవసరం పుట్టుకొస్తుందనీ తెలుగునాట వేరుగా చెప్పనక్కర్లేదు. ఈ కొలతతో చూస్తే 2018 తెలంగాణ శాసనసభ ఎన్నికల కోసం కాంగ్రెస్, తెలుగుదేశం, తెలంగాణ జన సమితి, సీపీఐ కలిసి కట్టిన ప్రజాకూటమి పొత్తులన్నింటికీ తలమానికం. 1982 మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశాన్ని స్థాపించింది కాంగ్రెస్‌ను గద్దె దింపటానికి. తొమ్మిది నెలలు తిరిగేసరికి దింపారు కూడా. ఆ లెక్కన కాంగ్రెస్ లేకపోతే తెలుగుదేశం పుట్టుకే లేదు కనుక, 2018లో జరిగినది కొత్త సంబంధం కాదనీ, పాత చుట్టరికాన్ని కలుపుకోవటమేననీ వాదించే వీలు పండితులకు ఎప్పుడూ ఉంటుంది.

నిజానికి అంతకు ముందు కూడా ఈ రెండు పక్షాల మధ్య ఒక మొహమాటపు పరిచయం ఉంది. 1996లో తెలుగుదేశం అధినేత చంద్రబాబు నాయుడు కన్వీనరుగా ఉన్న యునైటెడ్ ఫ్రంట్ కేంద్రంలో ఏర్పరచిన ప్రభుత్వానికి కాంగ్రెస్ బయటి నుంచి మద్దతు ఇచ్చింది. బయటి నుంచి మద్దతు అంటే మంత్రి పదవి తీసుకోకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు పడగొట్టే హక్కును మాత్రం అట్టే పెట్టుకోవటం. ఆ హక్కును కాంగ్రెస్ రెండేళ్లలో రెండుసార్లు వినియోగించుకున్న సంగతిని 2018 నాటి ఉపన్యాసాల్లో ఎవరూ గుర్తు చేయలేదంటే, అది మతిమరుపు కాదు, మర్యాద.

ఆశ పక్షాన నిలిచినవారి చేతిలో ఉన్నది కాగితం, పెన్సిలు. 2014లో తెలంగాణ రాష్ట్ర సమితికి, అంటే తెరాసకు, సుమారు 34 శాతం ఓట్లు రాగా, కాంగ్రెస్‌కు 25, తెలుగుదేశానికి దాదాపు 15 శాతం వచ్చాయి. ఇరవై అయిదూ పదిహేనూ కలిస్తే నలభై అవుతుందనీ, నలభై ముప్పై నాలుగు కంటే పెద్దదనీ రెండు పార్టీల కార్యాలయాలైన గాంధీభవన్‌లోనూ, ఎన్టీఆర్ ట్రస్ట్ భవన్‌లోనూ ఏకకాలంలో కనుగొన్నారు. 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికి వచ్చి ఉండటమూ, మే నెలలో బెంగళూరులో కర్ణాటక ముఖ్యమంత్రిగా కుమారస్వామి ప్రమాణ స్వీకారం చేసిన వేదికపై సోనియా గాంధీ, మమతా బెనర్జీ, మాయావతి, చంద్రబాబు ఒక్కచోట చేతులెత్తి నిలబడటమూ ఈ కూడికకు జాతీయస్థాయి గౌరవాన్ని కట్టబెట్టాయి.

అనుమాన పక్షంవారు అడిగినది ఒక్కటే: ఆ పదిహేను శాతం ఇప్పుడు ఎక్కడున్నది? 2014లో తెలుగుదేశం పోటీ చేసింది బీజేపీతో పొత్తులో. ఆ ఓట్లలో కొన్ని మిత్రపక్షానివి, మరికొన్ని కాంగ్రెస్ అంటే గిట్టకనే పడినవి. గెలిచిన పదిహేనుమంది శాసనసభ్యుల్లో పన్నెండుమంది 2016 నాటికే తెరాస గూటికి చేరారు. ఓట్ల బదిలీ అనే మాట, అంటే ఒక పార్టీ ఓటర్లు తమ నాయకుడు చెప్పగానే మిత్రపక్షపు గుర్తు మీద నొక్కటం, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు సొమ్ము పంపినంత తేలికగా వినిపిస్తుంది గానీ, ఇక్కడ పంపేవాడి ఖాతాలో నిల్వ ఎంతో ఎవరూ చూసుకోలేదు.

కాలం లెక్కలోనూ కూటమి ఉదారంగానే ఉంది. సెప్టెంబరు 6న శాసనసభను రద్దు చేసిన ముఖ్యమంత్రి, తెరాస అధినేత కె.చంద్రశేఖరరావు అదే రోజు 105 మంది అభ్యర్థులను ప్రకటించగా, కాంగ్రెస్ తొలి జాబితా నవంబరు 12 రాత్రికి, అంటే నామినేషన్లు మొదలైన రోజుకు గాని వెలువడలేదు. మధ్యలోని రెండు నెలలూ సీట్ల సర్దుబాటు చర్చలకు పోయాయి. ఆ సర్దుబాటు ఎంత పకడ్బందీగా జరిగిందంటే, జన సమితికి కేటాయించిన కొన్ని స్థానాల్లో కాంగ్రెస్ తన అభ్యర్థులకు కూడా బి-ఫారాలు, అనగా పార్టీ గుర్తును ఖరారు చేసే పత్రాలు, ఇచ్చేసింది. ఇలా మిత్రులే ఒకరిపై ఒకరు నిలబడటానికి శాస్త్రంలో స్నేహపూర్వక పోటీ అని పేరు.

తెలుగుదేశం బరిలోకి దిగిన పదమూడు నియోజకవర్గాల్లో కాంగ్రెస్ ఓటరు పరిస్థితి ప్రత్యేకంగా పరిశీలించదగ్గది. తాత కాలం నుంచి చేయి గుర్తుకు తప్ప మరొకదానికి ఓటు వేయని మనిషి అట్టపెట్టె చాటున వంగి, యంత్రం మీద పేర్ల వరుసను పైనుంచి కిందికి చూసుకుంటూ పోతే చేయి కనిపించదు, సైకిలు కనిపిస్తుంది. ఏ సైకిలును ఓడించటానికి ఇంటింటికీ తిరిగాడో ఆ సైకిలే. రామారావు మనుమరాలు నందమూరి సుహాసిని కూకట్‌పల్లిలో కాంగ్రెస్ మద్దతుతో ఓట్లు అడిగిన దృశ్యం ఆ ఓటరుకూ, పాత తెలుగుదేశం కార్యకర్తకూ సమానంగా వింతే.

నవంబరు 28న ఖమ్మంలో రాహుల్ గాంధీ, చంద్రబాబు ఒకే వేదిక ఎక్కారు. దీనివల్ల కూటమికి కలిగిన మేలుపై భిన్నాభిప్రాయాలున్నా, తెరాసకు కలిగిన మేలుపై ఎవరికీ సందేహం లేదు. అప్పటిదాకా తన నాలుగున్నరేళ్ల పాలనకు సమాధానం చెప్పుకోవలసిన చంద్రశేఖరరావుకు పక్క రాష్ట్రపు ముఖ్యమంత్రి రూపంలో ప్రచారాంశం నడిచి వచ్చింది. తెలంగాణ నీటి ప్రాజెక్టులపై చంద్రబాబు కేంద్రానికి రాసిన అభ్యంతర లేఖలు ప్రతి సభలోనూ మారుమోగాయి. ఇది నీతిలేని కలయిక అని చంద్రశేఖరరావు అన్న మాటను మాత్రం కాస్త అటూ ఇటూ చూసుకొని వినాలి. 2004లో కాంగ్రెస్‌తోనూ, 2009లో తెలుగుదేశంతోనూ విడివిడిగా చేయి కలిపిన అనుభవం తెరాసకు ఉన్నది, ఇద్దరినీ ఒకేసారి కలుపుకోలేదన్నదొక్కటే తేడా.

డిసెంబరు 11న పెట్టెలు తెరిస్తే తెరాసకు 88, కాంగ్రెస్‌కు 19, తెలుగుదేశానికి 2 స్థానాలు వచ్చాయి. జన సమితి, సీపీఐ ఖాతాలు తెరుచుకోలేదు. కాగితం మీది నలభై శాతం నేల మీద దాదాపు 33 అయింది, తెరాస 47 దరిదాపులకు చేరింది. అయితే అనుమానమే గెలిచిందని తీర్పు రాసేయటం తొందరపాటు. వేదిక కలిసిన ఖమ్మం ఉమ్మడి జిల్లాలో పది స్థానాలకు గాను కాంగ్రెస్ ఆరు, తెలుగుదేశం రెండు గెలవగా, రాష్ట్రమంతటా వీచిన తెరాస గాలికి అక్కడ దక్కింది ఒక్కటే. అసాధ్యమన్న ఓట్ల బదిలీని అక్కడి ఓటరు చేసి చూపించాడు. ఆ తరువాతి బదిలీని గెలిచినవారు చేశారు: ఆ ఎనిమిదిమందిలో ఆరుగురు కాలక్రమంలో తెరాసలో చేరిపోయారు.

కనుక ఈ పొత్తు విషయంలో అనుమానించవలసినది ఓటరును కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండు పక్షాలూ విడివిడిగా పోటీ చేశాయి. 2024లో తెలుగుదేశం మళ్లీ బీజేపీ పక్కన నిలిచి గెలిచింది. 2023 తెలంగాణ ఎన్నికల్లో తెలుగుదేశం బరిలోనే లేదు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ 64 స్థానాలు గెలిచింది. తెలుగుదేశం తెలంగాణ శాఖకు ఒకప్పుడు వర్కింగ్ ప్రెసిడెంటుగా పనిచేసిన రేవంత్ రెడ్డి, ప్రజాకూటమికి పోలింగు జరిగి సరిగ్గా అయిదేళ్లు నిండిన డిసెంబరు 7న, కాంగ్రెస్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.