చేపలు తేలిన పొద్దున వినకూడని మాటలు

పొద్దున లైటు వేసేసరికి నాలుగు నియాన్ టెట్రాలు తేలి ఉన్నాయి. మిగతావి నీటి పైపొరకు మూతులు ఆనించి గుటకలేస్తున్నాయి. అలాంటప్పుడు అందరికన్నా ముందు వినిపించే సలహా ఒకటుంది: 'నీళ్లన్నీ పారబోసి, ఫిల్టరు శుభ్రంగా కడిగి, కొత్త నీళ్లు పొయ్యి.' నేను పోశాను. స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాను. మూడో రోజుకి మిగిలినవీ పోయాయి.

చేప విసర్జనలోని అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా ఆ స్పాంజిలో, అడుగు మట్టిలో, ఆకుల మీద బతుకుతుంది. మునిసిపల్ నీటిలో క్లోరిన్ ఉన్నదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. అది మంచిదీ చెడ్డదీ చూడదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే నాలుగుసార్లు పిండితే చాలు. నీళ్లు మూడో వంతు మార్చండి, యాంటీ క్లోరిన్ కలిపి పొయ్యండి. దోమల మందు స్ప్రే తొట్టిలో పడిందని తెలిస్తే మాత్రం సగం మార్చినా తప్పులేదు.

'ఇన్ని మొక్కలుండగా ఆక్సిజన్‌కి లోటేమిటి?' అనే మాట ఇంకా ప్రమాదం, ఎందుకంటే అందులో సగం నిజముంది. వెలుతురున్నంతసేపే మొక్క ఆక్సిజన్ ఇస్తుంది. చీకట్లో అదీ చేపలాగే పీల్చుకుంటుంది. భీమవరం వైపు చెరువుల మీద బతికేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున చేప పైకి తేలుతుందేమోనని టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతారు, రాత్రంతా ఏరియేటర్లు ఆడిస్తారు. మన రెండడుగుల తొట్టిలోనూ అదే చెరువుంది. పైగా మొక్కల కోసం మనం కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కూడా బిగిస్తాం. టైమరు మొరాయించి గ్యాసు రాత్రంతా వదిలితే తెల్లారేసరికి చేపలుండవు. ఎండాకాలం మరీ కష్టం: 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా పట్టే ఆక్సిజన్, 30 దగ్గర ఏడున్నరకి మించి పట్టదు.

అందుకే చేప పోయినప్పుడు నేను ముందు గడియారం చూడమంటాను. తెల్లవారుజామున అన్నీ పైకి వచ్చాయంటే ఊపిరాడటం లేదని అర్థం. గ్యాసు కట్టేసి, గాలి మోటారు పెట్టి, ఫిల్టరు నీళ్లు పైపొరని కదిలించేలా తిప్పండి. నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్ పసుపులోకి మారి ఉంటే ఇక అనుమానమే లేదు. అది రంగు మారడానికి గంటా రెండు గంటలు తీసుకుంటుంది కాబట్టి ఆకుపచ్చగా ఉంది కదా అని ధీమా పడకండి. నీళ్లు మార్చిన గంటలోపు పోతే ఆ నీళ్లనే అనుమానించాలి. కరెంటు పోయొచ్చాక పోతే ఆగిన ఫిల్టరుని చూడాలి.

'జబ్బు తగిలింది, నీలం మందు వెయ్యి.' జబ్బు సాధారణంగా ఒకటీ రెండూ చేపలతో మొదలై రోజులు తీసుకుంటుంది. ఒక్క రాత్రిలో తొట్టంతా పడిపోయిందంటే ముందు అనుమానించాల్సింది నీటినే. మిథిలీన్ బ్లూ ఆ ఫిల్టరు బ్యాక్టీరియాని, మొక్కల్ని కూడా దెబ్బతీస్తుంది. రాగి ఉన్న మందైతే రొయ్యలు బతకవు.

'నీళ్లు అద్దంలా ఉన్నాయిగా' అంటారు. అమ్మోనియాకి రంగుండదు. టెస్ట్ కిట్‌తో చూడాల్సిందే. అది బయటపడ్డాక పీహెచ్ పెంచే పొడి మాత్రం వెయ్యకండి. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. 8 దగ్గర అది 5 వంతులకు పెరుగుతుంది. మంచి చేద్దామని వేసిన చెంచాడు పొడి, బతికి ఉన్నవాటికి ఉరి.

పిల్లలు ఏడుస్తున్నారని ఆ సాయంత్రమే కొత్త చేపలు తేవద్దు. ముందు ఉన్నవాటిని లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే మొక్కల మొదళ్లలో, ఫిల్టరు వెనక, మూతలోంచి దూకిందేమో నేల మీద కూడా వెతకండి. ఆకుల కింద ఇరుక్కున్న ఒక్క చిన్న చేప కుళ్లినా చిన్న తొట్టికి చాలు, మళ్లీ అమ్మోనియా మొదలవుతుంది.