80 కిలోల సుఖం

మా బావ ఎవరింటికి వెళ్లినా ముందు పలకరించేది వాకిట్లో నిలబెట్టిన బండిని. మనుషులు తర్వాత. రెండు అరచేతులూ వెనక సీటు మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి ఒక్క నొక్కు నొక్కి వదిలేస్తాడు. సీటు పైకి లేచి బుద్ధిగా ఆగిపోయిందా, ఆ ఇంటాయన మర్యాదస్తుడు. రెండు మూడుసార్లు ఊగిందా, బావ పెదవి విరుస్తాడు. ఆమధ్య మందసలో ఒంట్లో బాగులేని పెద్దాయన్ని చూడ్డానికి వెళ్లాం. బావ గుమ్మంలోనే ఆగి, నొక్కి చూసి, "దీని పనైపోయిందిరా, ఇంక ఎన్నాళ్లో ఆగదు" అని గట్టిగా అనేశాడు. లోపల ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

ఇలాంటి బావ మీకూ ఒకడు ఉండే ఉంటాడు. మీవాడిది మైలేజీ పిచ్చి కావచ్చు, టైర్ల పిచ్చి కావచ్చు. మావాడిది వెనక షాకబ్జర్ల పిచ్చి. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు. ఉన్నది పాత స్ప్లెండరు. హీరో, హోండా 2010లోనే విడిపోదామనుకున్నాయని ఎవరైనా చెప్పబోతే, "తల్లీతండ్రీ విడిపోతే పిల్లల ఇంటిపేరు మారిపోద్దేటి?" అని నోరు మూయిస్తాడు. ఆయనకది ఎప్పటికీ హీరో హోండానే.

ఆ బండి వెనక షాకబ్జర్లు ఎప్పుడు పాడయ్యాయి అంటే తిత్లీలో అంటాడు. ఉద్దానంలో ఏది పోయినా తిత్లీలోనే పోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేల కూల్చిన మాట వాస్తవం. కానీ ఆ రాత్రి బావ బండి వ్యాపారి గోదాములో, జీడిపిక్కల బస్తాల మధ్య, చుక్క నీరు తగలకుండా ఉంది. ఇదే మాట మా అప్ప ఓసారి గుర్తుచేస్తే, "గాలికి కాదే, తరవాత మొద్దులు దాటించలేదేటి" అన్నాడు. దాటించాడు. రోడ్డుకి అడ్డంగా పడిన కొబ్బరి మొద్దుల మీదుగా బండి ఎత్తి దించుకుంటూ, వజ్రపుకొత్తూరు వైపున్న మా ఊరికి మంచినీళ్ల డబ్బాలు తెచ్చింది ఆయనే. అందుకే షాకబ్జర్ల ఖర్చు విషయంలో అప్ప పుట్టింటి వైపు నుంచి ఎవరమూ నోరు మెదపం.

వినేవాడు దొరికితే పాఠం మొదలు. "జనం షాకబ్జరంటే స్ప్రింగనుకుంటారు. స్ప్రింగు బరువు మోస్తాదంతే. ఊపు ఆపేది లోపలున్న ఆయిల్." గొట్టంలో పిస్టన్ ఉంటుందట, దానికి సన్నటి బెజ్జాలుంటాయట. గతుకులో పడినప్పుడల్లా ఆయిల్ ఆ బెజ్జాల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి. ఆ ఇరుకులో ఊపంతా వేడిగా మారి చల్లారిపోతుంది. వదలకుండా గతుకులొస్తే ఆయిల్ నురగ కడుతుంది, నురగకి పట్టుండదు. అది కట్టకుండా ఖరీదైన వాటిలో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి నింపుతారు. ఇదంతా ఒక్క తప్పు లేకుండా చెబుతాడు. అదే బాధ. తప్పు చెబితే మధ్యలో లేచిపోవచ్చు.

ఈ జ్ఞానమంతా పక్కవాళ్ల బండ్లకే. సొంత బండి దగ్గరకొచ్చేసరికి వేరే శాస్త్రం. స్వీడన్‌లో 1976లో మొదలైన ఓలిన్స్ కంపెనీ రేసు బండ్లకి షాకబ్జర్లు చేస్తుంది. ఆ పసుపుపచ్చ స్ప్రింగుల బొమ్మ బావ ఫోన్‌లో వేంకటేశ్వరస్వామి పక్కనే ఉంటుంది. వాటి ధర విన్నాక, సంక్రాంతికి గడపలకు వేసిన పసుపు రంగు మిగిలితే తన పాత స్ప్రింగులకి పూసుకున్నాడు. "తేడా తెలుస్తోందిరా" అన్నాడు. రంగింకా ఆరలేదు.

ఆ స్ప్రింగుల కింద ఐదు గంట్లుంటాయి. పానా పెట్టి తిప్పి, వెనక కూర్చునే బరువుని బట్టి ఏదో ఒక గంటులో పెట్టుకోవాలి. బావ లెక్కలో ఒకటో గంటు బీదరికం, ఐదో గంటు హోదా. "గంటు పెంచితే స్ప్రింగు గట్టిపడదు బాబూ, బండి ఎత్తు లేస్తాదంతే" అని మెకానిక్ చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. ఐదో గంటులోనే పెట్టుకుని, ఇంకా పైన ఆరోది లేదే అని బెంగపడిన మనిషి మా బావ.

చివరికి ఒక ఏడాది బోనస్ డబ్బులు చేతికందగానే బరంపురం నుంచి కొత్త జత తెప్పించాలని నిశ్చయించాడు. స్ప్రింగు ఎంత గట్టిది కావాలో తేలాలంటే తోలేవాళ్ల బరువు, వెనక కూర్చునేవాళ్ల బరువు కావాలన్నాడు మెకానిక్. బావ ఇంటికొచ్చి, నలుగురూ భోజనం చేస్తుండగా అప్పని అడిగాడు.

"నీ బరువెంతే?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అప్ప గురించి అడిగిన మొదటి సొంత విషయం అదే. అప్ప ముద్ద మింగి, "యాభై ఎనిమిది" అంది. బావ తల పంకించి, చెయ్యి కడుక్కుని, నోటు పుస్తకంలో 78 అని రాసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. "ఆడాళ్లు చెప్పినదానికి ఇరవై కలపాలిరా" అని నా చెవిలో అన్నాడు. రోజంతా బస్తాలకి తరుగు తీసి రాసే చెయ్యి, ఆ ఒక్క పూటా కలిపి రాసింది.

కొత్తవి వచ్చాయి. ఆ 78కి తగ్గ గట్టి స్ప్రింగులు, పైగా పాతవాటికన్నా ముప్పావంగుళం పొడుగు. పొడుగైతే దర్జాగా ఉంటుందన్నాడు. బిగించాక మెయిన్ స్టాండ్ వేస్తే వెనక చక్రం గాల్లో తిరగాల్సింది పోయి నేలకి ఆనింది. గొలుసుకి ఆయిల్ పెట్టాలంటే ఇప్పుడు స్టాండ్ కింద పలక పెట్టాలి. సైడు స్టాండ్ వేస్తే బండి వాలిపోయి ఎవరి భుజం మీదనో తల పెట్టుకోవాలని చూస్తుంది. దానికింద పెట్టడానికి ఒక చెక్కముక్క సంచిలో వేసుకు తిరుగుతున్నాడు. బండి ఆగగానే దిగి ఆ చెక్క పెట్టడం మా మేనల్లుడి ఉద్యోగం. వాడు బడికి పోయిన రోజున బావ బండి దిగడు. సీటు మీద కూర్చునే పనులు చక్కబెట్టుకుంటాడు.

ఒంటరిగా టెక్కలి దాకా వెళ్లొచ్చి, "రోడ్డు ఎలా ఉందో తెలుస్తోంది" అన్నాడు, నడుం పట్టుకుని. అప్పని ఎక్కించుకుని రైలు పట్టాలు దాటాడు. పట్టాల మీద అప్ప సీటు వదిలి లేచి, అటువైపు వచ్చాక కూర్చుంది. తిన్నగా మెకానిక్ దగ్గర దిగింది. ఆయన అప్ప కుట్టుమిషన్ టేపు తెప్పించి కొలిచాడు. మనిషి ఎక్కగానే షాకబ్జరు తన నడకలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కిందికి దిగాలట. ఇద్దరూ ఎక్కినా గోరంత దిగింది.

"స్ప్రింగెక్కువైంది బాబూ. అమ్మగారి బరువెంతని చెప్పారు?"

బావ ఆకాశం వైపు చూశాడు. అప్ప ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాడు గోదాముకి వెళ్లి, పదిమంది చూస్తుండగా బస్తాల కాటా మీద నిలబడి, "చదవండి" అంది. 58 కిలోల 200 గ్రాములు. ఆ 200 తరుగు కింద తీసేయమని కూడా అందట.

అక్కడితో పిచ్చి కుదరాల్సిన మాట. కానీ జీడిపిక్కల సీజను వచ్చింది. ఉద్దానంలో పిక్కల ధర చెప్పుకునేది 80 కిలోల బస్తా లెక్కన. ఒకరోజు మా తోట నుంచి ఒక బస్తా వెనక కట్టుకుని కాశీబుగ్గ వచ్చాడు. దిగి కళ్లు మెరుస్తూ అన్నాడు: "ఒక్క గతుకు తెలీలేదే!"

"అయితే దాన్నే ఎక్కించుకు తిరగండి" అంది అప్ప.

మా బావకి వెటకారం తెలీదు. సలహా అనుకున్నాడు. స్ప్రింగులు మెత్తనివి వేయించుకోమని మెకానిక్ బతిమాలితే, "స్ప్రింగులు మార్చడమేటి? మనుషుల్ని మార్చుకోవచ్చు" అన్నాడు. అప్పట్నుంచి కాశీబుగ్గలో కాస్త ఒళ్లున్నవాళ్లకి గౌరవం పెరిగింది. బస్టాండు దగ్గర బండి ఆపి, సన్నగా ఉన్నవాళ్లని దాటేసి, వెనక నిలబడ్డ భారీ మనిషిని వెతికి మరీ ఎక్కమంటాడు. హరిపురమైనా, సోంపేటైనా దింపి వస్తాడు. పెట్రోలు డబ్బులు తీసుకోడు. వాళ్లు దణ్ణం పెడితే తనే ఎదురు దణ్ణం పెడతాడు. అప్ప ఆటోలో తిరుగుతోంది, నడుం బాగుందంటోంది.

నవ్వడానికి నాకూ పెద్ద అర్హత లేదు. ఈమధ్య నా చేతులు కూడా ఊరుకోవడం లేదు. ఆఫీసు ముందు వరసగా నిలబెట్టిన బండ్ల పక్కనుంచి వెళ్తూ ఎవరూ చూడకుండా ఒక్కో సీటూ నొక్కి పోతున్నాను. మా అధికారిది మూడుసార్లు ఊగుతుంది. ఆ సంగతి తెలిసినప్పట్నుంచి ఆయన కోప్పడినా నాకు భయం వేయడం లేదు.

పైగా నా బరువు 78. బావ రాసుకున్న అంకెకి నేనే సరిపోయాను. పెళ్లికైనా, తిరునాళ్లకైనా, కబురైనా లేకుండా మా గుమ్మంలో హారన్ మోగుతుంది. నిన్న కూడా అక్కుపల్లి వెళ్దామని వచ్చాడు. నేనెక్కి కూర్చోగానే వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, సంచిలోంచి ఒలవని కొబ్బరికాయలు రెండు తీసి నా ఒళ్లో పెట్టాడు.

"రెండు కేజీలు తక్కువున్నావురా, పట్టుకో."