పాత నౌకరు పరీక్షా పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: పెనుకొండ, హిందూపురం, ధర్మవరం సీమలోని యజమానులకు హితవుగా ఈ పద్యం పుట్టింది. టీక రాసేందుకు పండితులెవరూ ముందుకు రానందున కవే ఆ భారం నెత్తికెత్తుకొన్నాడు.

ఆ.వె.
కొలువు నిచ్చు నాడె కులగోత్రములు చూచి
కునుకు తీయు దొరల కొట్టు గుల్ల
ఏటికొక్క మారు నెంచి చూడవలెను
పాత వారినైన పట్టి పట్టి

ప్రతిపదార్థం: కొలువునిచ్చు నాడె = ఆఫర్ లెటర్ చేతిలో పెట్టేనాడే; కులగోత్రములు చూచి = (కులం కాదు, గోత్రం అసలే కాదు) మార్కుల జాబితా, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, పోలీస్ వెరిఫికేషన్, ఆధార్ జిరాక్సు చూచి; కునుకు తీయు దొరల = ఆ ఫైలును బీరువాలో పెట్టి, తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిన హెచ్చార్ మేనేజర్ల యొక్క; కొట్టు = స్టోరు; గుల్ల = ఖాళీ; ఏటికొక్క మారు = ఏడాదికోసారి (ఇంక్రిమెంటు వలె అని కొందరి వ్యాఖ్య; అది ఏటేటా రాదు కనుక చెల్లదు); పాత వారినైన = "మనవాడే లే" అనిపించుకొన్నవారిని సైతం; పట్టి పట్టి = నిదానంగా; ఎంచి చూడవలెను = లెక్కించి పరిశీలించాలి.

తాత్పర్యం: చేరేనాటి కాగితాలు చేరేనాటి మనిషి సంగతే చెబుతాయి. అప్పులు, కొత్త స్నేహాలు, స్టోరు తాళాలు కొలువులో కుదురుకొన్నాక వచ్చేవి. కనుక పరీక్ష ఒకనాటితో ముగియదు.

విశేషాలు:

ఉదాహరణం: పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కియా కర్మాగారం. ఏడాది చివరి లెక్కల్లో సుమారు 900 ఇంజిన్లు తగ్గాయని తేలి, 2025 మార్చి 19న పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఈ చోరీ 2020 నుంచీ జరుగుతూ వచ్చిందనీ, మాజీ ఉద్యోగులతో పాటు ప్రస్తుత ఉద్యోగుల చేయీ ఉందనీ పోలీసుల మాట. ఇంజిను జేబులో పట్టేది కాదు. ఒకటి గేటు దాటాలంటే బిల్లు, బండి, సంతకం మూడూ కలవాలి. "కొట్టు గుల్ల" అన్నది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి.

ఆచారం: ధర్మవరంలో షావుకారు నేతగాడికి పట్టునూలు, జరీ తూచి ఇస్తాడు; చీర తిరిగొచ్చాక మళ్లీ తూస్తాడు. ఇరవై ఏళ్లుగా నేస్తున్నవాడికీ తూకం తప్పదు, అతడు నొచ్చుకోడు. అందరికీ అదే త్రాసు కనుక.

శాస్త్రప్రమాణం: బ్యాంకుల్లో కీలక స్థానాల వారిని ఏటా ముందుగా చెప్పకుండా కనీసం 10 పనిదినాలు సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. కుర్చీ ఖాళీ అయితే దాని కింద ఉన్నది కనబడుతుంది.

పూర్వపక్షం: నమ్మకస్తుణ్ణి అనుమానించడం పాపం కాదా? హిందూపురం పక్కన లేపాక్షి ఆలయం కట్టించిన విరూపణ్ణ పెనుకొండ కోశాధికారి. రాజు సొమ్ము దుర్వినియోగం చేశాడన్న నింద పడి, రాజు శిక్ష ఖాయం చేయగా, తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని స్థలపురాణం.

సిద్ధాంతం: అక్కడ తప్పు లెక్క అడగడంలో లేదు, చాడీ విన్నాక మాత్రమే అడగడంలో, సంజాయిషీకి ముందే శిక్ష ఖాయం చేయడంలో ఉంది. ఏటేటా అందరినీ అడిగితే అది పద్ధతి, ఒక్కణ్ణే అడిగితే అది నింద.

ఫలశ్రుతి: దీనిని ఏటా మార్చి లెక్కలకు ముందు చదివి, గేటు కాపలాదారు నుంచి డైరెక్టరు దాకా ఒకే త్రాసున తూచి, దొరికిన లోపానికి జవాబు చెప్పుకొనే గడువిచ్చిన యజమానికి కొట్టు నిండుగానూ, కోర్టు దూరంగానూ ఉంటాయి.